చిత్తూరా, తిరుపతా, ఐరాల దగ్గర పల్లెనా? రిటైరయ్యాక ఎక్కడుంటే మేలు?

లెక్కలయ్యోరు:

అందరికీ నమస్కారం. 2025 మే నెలాఖరుకు రిటైరయిన లెక్కల టీచర్ని. తవణంపల్లె, పెనుమూరు, పూతలపట్టు అని తిరిగి తిరిగి 36 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పనిచేశాను. నాకు 62, మా ఆవిడకు 60. ఎక్కడ స్థిరపడాలో మూడు నెలలుగా తేలడం లేదు. ఇంట్లో మాట్లాడుకుంటే చివరికి అది గొడవగానే తేలుతుంది కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

ఇప్పుడుండేది చిత్తూరులో. తమ్ముడూ నేనూ కలిసి 2003లో కట్టిన ఇల్లు. చీటీ వేస్తే కింద వాడికి, పైన నాకు వచ్చింది. గాలి బాగా వస్తుందని ఆ రోజు సంతోషపడ్డాను. మెట్లు 22. ఆ లెక్క నాది కాదు, మా ఆవిడది. ఎడమ మోకాలు అరిగిందని డాక్టరు చెప్పినప్పటి నుంచి రోజూ పైకి రాగానే ఆ అంకె నాకు వినబడేటట్టు చెప్తుంది. కింద పోర్షన్ తమ్ముడిది కాబట్టి మార్చుకునే దారి లేదు, అడిగి మాట పోగొట్టుకోవడం ఇష్టం లేదు. చిత్తూరులో ఉంటే ఒక మేలు, వేలూరు సీఎంసీ ఆస్పత్రి గంట ప్రయాణం.

రెండోది ఐరాల దగ్గర మా నాయన కట్టిన ఇల్లు, రెండెకరాల తోతాపురి మామిడి తోట. రిటైరయ్యాక సేద్యం చేద్దామని ఎప్పటినుంచో ఆశ. రిటైరయిన నెలలోనే తీరింది. ఆ సీజన్లో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్నారు గదా. ట్రాక్టరు బాడుగకు మాట్లాడి కాయలేసుకుని గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు లైన్లో పడుకున్నాను. మూడో పొద్దుకు అడుగు కాయల నుంచి రసం కారి టైరు మీద పడుతోంది, ఈగలు. పక్క ట్రాక్టరులో ఉన్నవాడు నా దగ్గర పదో తరగతి చదివినవాడు. "సార్, మీరెందుకొచ్చినారు సార్ ఇక్కడికి" అని తలపాగా తీసి పరిచాడు, కూర్చోమని.

మూడోది తిరుపతి. అమ్మాయి, అల్లుడు, మనవరాలు అక్కడే. అవిలాల వైపు ఒక ఫ్లాటు చూశాము, మూడో అంతస్తు, లిఫ్టు ఉంది, 68 లక్షలు చెప్పారు. నాకు మనసు రాలేదు. ఎండ, జనం, రేట్లు.

బెంగళూరులో అబ్బాయి రమ్మంటాడు. పది రోజులుండి చూశాము. పదకొండో రోజు ఉండలేదు.

రెండో ప్రశ్న, పొద్దు ఎట్లా పోవాలి? పక్క స్కూల్లో తొమ్మిదికి ప్రేయర్ బెల్లు కొడితే ఇప్పటికీ కాళ్లు లేస్తాయి. పదింటికి పేపరు అయిపోతుంది. మొన్న ఏమీ తోచక పదో తరగతికి మోడల్ ప్రశ్నాపత్రం ఒకటి తయారుచేసి, మూడు గంటల్లో నేనే రాసి, నేనే దిద్దుకున్నాను. 97 వచ్చింది. మా ఆవిడ చూసి నవ్వలేదు. అదీ నా పరిస్థితి.

కొండబస్సు కండక్టర్:

అయ్యోరికి నమస్తే. నేను కొండ బస్సుల్లో ఇరవై రెండేండ్లు టికెట్లు కొట్టి రిటైరయినోణ్ణి. ఎక్కేది రెండో ఘాటు, దిగేది మొదటి ఘాటు, బతుకంతా ఆ రెండు దార్లలోనే పాయ. కాబట్టి నా బుద్ధి బస్సు చుట్టూనే తిరుగుతాది, ఏమనుకోబాకండి.

నేను చెప్పేది ఒకటే. ఫ్లాటు చూడబాకండి, బస్టాపు చూడండి. ఆ ఫ్లాటుకాడ్నించి మెయిన్ రోడ్డుకు అయిదు నిమిషాలు అని చెప్పుంటారు. అది మోటారు సైకిలు మీద. అమ్మ మే నెలలో, చేతిలో కూరగాయల సంచి పట్టుకోని నడిస్తే ఎంతో చూడండి. మీకు స్కూటరుండాదిలే అంటారేమో. ఒక వయసు దాటినాక పిల్లోళ్లే తాళంచెవి దాచిపెడతారు సార్. మాయింట్లో దాచేసినారు. ఆపొద్దు ఇల్లు బస్టాపుకు దగ్గరుంటే మనిషి, లేకుంటే సామాను.

ఇప్పుడు అమ్మకు ఆర్టీసీ స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగైనా ఎక్స్‌ప్రెస్సైనా ఉచితం, 2025 ఆగస్టు 15 నుంచి. మీకు అరవై దాటింది కాబట్టి నాలుగో వంతు తగ్గింపు, ఆధార్ చూపిస్తే చాలు. చిత్తూరు నుంచి తిరుపతికి అమ్మ ఊరికే పోయి వస్తాది, మీరు టికెట్టు కొట్టించుకోవాల. మర్యాదగా ఉండండి ఆమెతో.

ఇంకోటి. తిరుపతిలో ఇల్లు ఎండాకాలంలో చూస్తే అన్నీ బాగుంటాయి. కార్తీకమాసంలో చూడాల. 2021 నవంబరు వానలకు ఎం.ఆర్.పల్లె దగ్గర శ్రీకృష్ణనగర్‌లో భూమిలో పూడ్చిన సిమెంటు ఒరల నీళ్లతొట్టి నిలువునా పైకి తేలిందే, టీవీల్లో చూసుంటారు. లోపల కడగతా ఉన్న ఆడమనిషి బతికి బయటపడింది, అది ఆమె అదృష్టం. వానలో ఆ వీధికి పోయి నిలబడి చూస్తే, నీళ్లు ఎటు పోతా ఉండాయో మీకే తెలుస్తాది. బ్రోకరు ఆపొద్దు ఫోను ఎత్తడు.

పొద్దు పోవడం గురించి అంటారా. నేను వారానికొకసారి మబ్బులోనే లేచి అలిపిరి నుంచి కొండెక్కుతా. మెట్లు 3550. గాలిగోపురం దాకానే ఊపిరి తీస్తాది, ఆపైన చానా దూరం సమంగా పోతాది, మళ్లా చివర్లో మోకాళ్లమెట్టు. పైకి కాలినడక, కిందికి బస్సు. దిగేటప్పుడే మోకాళ్లు పోతాయి, ఆ మాట నాకు చెప్పింది బర్డ్ ఎముకల ఆస్పత్రిలో చూపించుకోనొచ్చే మా బస్సు ప్యాసింజర్లే. 2023లో ఈ నడకదారిలో చిరుత ఒక పాపను చంపినప్పటి నుంచి ఒక్కణ్ణే పోను, నలుగురితోనే.

మిగతా రోజులు అలిపిరికాడ నిలబడతా. యాడెక్కణ్ణించో వచ్చిన పెద్దోళ్లు బ్యాగులు నెత్తిన పెట్టుకోని మెట్ల దారి పట్టేస్తారు. లగేజీ ఇక్కడే ఇచ్చేస్తే పైకి పంపిస్తారని తెలీదు పాపం. వాళ్లకు కౌంటరు చూపిస్తా. నాకు ఎవరూ చెప్పలా, బ్యాడ్జీ లేదు, జీతం లేదు. "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని ఇరవై రెండేండ్లు అరిచిన నోరు గదా, ఊరికే ఉండదు.

గ్రీమ్స్‌పేట సిస్టరు:

ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేశాను. ఇల్లు ఏ ఊర్లో అనేది తర్వాత చూడొచ్చు. ముందు మీ ఇద్దరూ ఈ పని చేయండి.

చేతులు లేని కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేయండి. రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, సెల్‌ఫోన్లో 30 సెకన్లు పెట్టి, పూర్తిగా లేచి నిలబడి కూర్చోండి. ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల మధ్య ఆడవాళ్లు 12 కంటే, మగవాళ్లు 14 కంటే తక్కువ లేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. మేడమ్ చేసేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. నొప్పి వస్తే ఆపేయాలి. ఇద్దరి అంకెలూ ఇక్కడ రాయండి.

మోకాలు అరిగింది అనగానే అందరూ చేసే తప్పు కదలడం మానేయడం. మానేస్తే తొడ ముందు కండ కరుగుతుంది. అది కరిగితే ఒళ్లు బరువంతా కీలు మీదే పడుతుంది, నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. అప్పుడు ఇంకా మానేస్తారు. నేను వార్డులో చూసిన తుంటి ఎముక కేసుల్లో చాలామంది మెట్ల మీద పడినవాళ్లు కారు, రాత్రి బాత్రూములో పడినవాళ్లు. 68 లక్షల ఫ్లాటులో బాత్రూము టైల్స్ మీద నీళ్లు పోసి నిలబడి చూశారా? గోడకు పట్టుకునే కమ్మీ బిగించే వీలుందా? లిఫ్టు సరే, కరెంటు పోతే జనరేటరుకు ఎక్కుతుందా? హాలులో సీలింగు డిజైను చూసి రాబాకండి.

నడక మంచిదే, వారానికి 150 నిమిషాలు కావాలి. కానీ నడక ఒక్కటే చాలదు. 65 దాటితే తూలకుండా నిలబడే వ్యాయామం, కండకు బలమిచ్చే వ్యాయామం వారానికి మూడు రోజులైనా చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అరవైలోనే మొదలుపెడితే పోయేదేం లేదు. వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి అయిదు లెక్కపెట్టి దించడం. డాక్టరును ఒకసారి అడిగి చేయించండి.

ఒక మాట అడగాలని ఉంది. మీ ప్రశ్నంతా చదివాను. మీ బెల్లు, మీ పేపరు, మీ తోట ఉన్నాయి. మేడమ్ పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరితో మాట్లాడతారు?

పెనుమూరు చింతచెట్టు:

పల్లెకు రా సార్, కానీ రైతుగా రావద్దు. తోట గుత్తకిచ్చేసి ఇంటికి మాత్రం రా. నేను నాలుగేండ్ల కిందట బెంగళూరు నుంచి వచ్చేసినా. పొద్దున గాలి, సంగటి, ఊరిబిండి, అన్నీ బాగుండాయి. రాత్రి పూట గుండెలో నొప్పంటే కారు పెట్టేదానికి మనిషి దొరకడు, అదే లోటు. చెనిక్కాయలు ఏస్తే అడవిపందులు, జామచెట్టు పెడితే కోతులు. మా వీధిలో మిద్దెలు తొమ్మిది, అందులో అయిదింటికి తాళాలు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే మాట్లాడేదానికి నేనూ, మా కుక్క. అది ఎక్కువ మాట్లాడదు. పండక్కి మాత్రం ఊరు ఊరే.

లెక్కలయ్యోరు:

అందరికీ కృతజ్ఞతలు. కుర్చీ పరీక్ష చేశాము. నాకు 13, ఆమెకు 9. సిస్టరు గారూ, 36 ఏళ్లు బోర్డు ముందు నిలబడినవాణ్ణి, ఒక్క మార్కుతో తప్పాను.

మీరడిగిన ప్రశ్న ఆమెకు చదివి వినిపించాను. "టీవీతో" అంది. కాసేపాగి "అదే మాట్లాడతాది, నేను వింటా" అంది.

తిరుపతి ఎందుకొద్దన్నానో నిజం రాస్తాను. ఎండ కాదు. మా నాయన మా అక్కగారింట్లో రెండు రాత్రులకు మించి పడుకోలేదు. మూడో రోజు తెల్లవారేసరికి సంచి చంకన పెట్టుకుని వాకిట్లో కూర్చునేవాడు, బస్సు పదింటికయినా సరే. ఆడపిల్ల ఇంటి పంచన చేరినారు అనిపించుకోకూడదని ఆయన పట్టుదల. నేనట్లా కాదనుకున్నాను. అల్లుడు మంచివాడే. అందుకే ఇంకా మొహమాటం. పోయినసారి వెళ్లినప్పుడు, మనవరాలిని స్కూలుకు దింపి వస్తారా మామయ్యా అని మామూలుగా అడిగాడు. దింపి వచ్చాను. దారిలో మాత్రం ఇంక ఇదే నా ఉద్యోగమా అనిపించింది. ఆ పిల్లంటే నాకు ప్రాణం, అయినా అనిపించింది.

కొండబస్సు కండక్టర్:

సార్, మీరుండేది అల్లుడింట్లో కాదు గదా, అల్లుడుండే ఊర్లో. తిరుపతి మీ అల్లుడిది కాదు, గోవిందరాజులుది. మీకు నామోషీ అయితే కొనబాకండి, బాడుగకుండండి. కొండమీది శ్రీనివాసుడే వరాహస్వామి దగ్గర తావు అడుక్కోని ఉండాడు, ఇప్పటికీ మొదటి పూజ, మొదటి నైవేద్యం ఆయనకే ఇస్తా ఉండాడు. స్వామికి లేని నామోషీ మనకేంది? పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకోండి. నచ్చకపోతే మీ నాయన మాదిరి సంచి చంకన పెట్టుకోని వచ్చేయండి, బస్సులకేమి కొదవ.

పిల్లను దింపేది అంటారా, ఏ రోజు దింపుతారో ఏ రోజు దింపరో మొదటి వారమే చెప్పేయండి. డ్యూటీ చార్టు లేని పని ఏదైనా మనిషిని నలిపేస్తాది.

గ్రీమ్స్‌పేట సిస్టరు:

కండక్టరు గారి మాట బాగుంది. బాడుగకైతే కింది అంతస్తే చూడండి. 9 అనేది బాగా తక్కువ. రెండు నెలల తర్వాత మళ్లీ చేసి అంకె రాయండి, మర్చిపోబాకండి.

లెక్కలయ్యోరు:

సంక్రాంతి అయిపోయింది, మాట ప్రకారం రాస్తున్నాను.

కార్తీకమాసం వానల్లో గొడుగేసుకుని నాలుగు వీధులు తిరిగాము. అవిలాల ఫ్లాటు వదిలేశాము. పద్మావతీపురంలో కింది పోర్షన్ దొరికింది, బాడుగ 14,000, పదకొండు నెలల కాగితం. బస్టాపుకు నా నడకలో నాలుగు నిమిషాలు, ఆమె నడకలో ఏడు. బాత్రూములో కమ్మీ నా ఖర్చుతో బిగిస్తానంటే ఇంటి ఓనరు ముందు గొణిగాడు, తర్వాత వాళ్ల అమ్మకూ ఒకటి బిగించమన్నాడు.

లెక్క కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఫ్లాటుకు పెట్టాలనుకున్న డబ్బులో 30 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేశాను. ఒక మనిషికి అదే పరిమితి. వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకు 61,500, అంటే నెలకు 20,500. బాడుగ పోను 6,500 మిగులు. వడ్డీకి పన్ను ఉంటుంది, అది వేరే. అసలు అయిదేళ్లు అక్కడే ఉంటుంది. లెక్కల టీచరుకు ఈ లెక్క ఒక కండక్టరు గారు చెప్తే తప్ప తట్టలేదు.

మా ఆవిడ శుక్రవారం పొద్దున తిరుచానూరు వెళ్తుంది. నేను తోడు వస్తానంటే వద్దంది. పుష్కరిణి దగ్గర ఒక గుంపు చేరింది ఆమెకు, వాళ్లలో మదనపల్లె ఆవిడ ఒకరు, మిగతావాళ్లు ఈ ఊరివాళ్లే. ఒకరోజు అందరూ కలిసి నాకు చెప్పకుండా బస్సెక్కి శ్రీకాళహస్తి వెళ్లి వచ్చారు. సాయంత్రం ఆరు దాకా ఫోను ఎత్తలేదు. నేను వంటింట్లోకి వెళ్లి అన్నం వండాను, అడుగంటింది.

మనవరాలిని మంగళ, గురువారాలు దింపుతాను. కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాము. అల్లుడు చూసి నవ్వి, కింద సంతకం పెట్టాడు.

మిగతా సాయంత్రాలు చిన్న పని ఒకటి దొరికింది. మా వీధి మొదట్లో పూలు కట్టే ఆమె ఉంది. కొడుకు తొమ్మిదో తరగతి, లెక్కల్లో తప్పుతున్నాడని బాధపడింది. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. మూర ముప్పై అయితే మూడున్నర మూర ఎంతరా అంటే, చేతిలో మల్లెపూల దండ వదలకుండానే నూట అయిదు అన్నాడు. అదే పలక మీద 3.5 ఎక్స్ = 105 అని రాసిస్తే బిక్కమొహం వేశాడు. "ఈ ఎక్స్ ఎవరు సార్" అన్నాడు. ఎక్స్ అంటే మూర ధర రా అన్నాను. కాసేపు పలక వైపు, కాసేపు పూలబుట్ట వైపు చూసి, "మరి ముందే చెప్పొచ్చు గదా" అన్నాడు. 36 ఏళ్లు చెప్పాను, పూలతో చెప్పొచ్చని నాకెప్పుడూ తోచలేదు. ఇప్పుడు నలుగురు వస్తున్నారు. పూలామె రోజూ ఒక మూర ఉచితంగా ఇస్తానంటే తీసుకోలేదు, మా ఆవిడ తీసుకుంది.

ఐరాల తోట గుత్తకిచ్చేశాను. ఇల్లు ఉంది, పండక్కి వెళ్లి వచ్చాము. పెనుమూరు తమ్ముడూ, మా వీధిలోనూ తాళాలే ఎక్కువ.

సిస్టరు గారూ, మొన్న ఆదివారం కుర్చీ పరీక్ష మళ్లీ చేశాము. నాకు 15. ఆమెకు 11. పన్నెండోసారి సగం లేచి కూర్చుండిపోయింది, అది లెక్కలో వేయమని గొడవ చేసింది. వేయలేదు. ఆ పూట కాఫీ ఇవ్వలేదు.

చివరగా ఒక మాట. చిత్తూరులో మా పై పోర్షన్ ఖాళీగా ఉంది, రెండు బెడ్‌రూములు, గాలి బాగా వస్తుంది. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మెట్లు 22.